గుమ్మం దాకా గుర్తుంది

ఫిబ్రవరి 11

గాలి దక్షిణం నుంచి, మెల్లగా. అలలు మోకాటి ఎత్తు. మా ఊరంతా కాపురముండే మూడో తెప్పకి ఉన్న ఇరవై నాలుగు లంగరు తాళ్లూ చూశాను. తొమ్మిదో తాడు పురి విడిపోతోంది, మార్చాలి.

ఈ పుస్తకంలో గాలి, అలలు, తాళ్ల సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని తెప్ప సంఘం వారి ఉత్తర్వు. ముప్ఫై ఒక్క ఏళ్లు పాటించాను. నా తర్వాత ఈ తాళ్ల కాపరి పనికి వచ్చేవాడు ఎవడో గానీ, వాడికి ముందే చెబుతున్నాను, ఇక నుంచి పాటించను. ఇంట్లో జరిగేది ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది. ఇష్టం లేకపోతే గాలి సంగతి చదివి మిగతాది వదిలెయ్యి బాబూ.

నా పేరు నూకరాజు. నా భార్య మార్తమ్మ. ఇవాళ పొద్దున ఆమె నాచు అంబలి కాచింది. గంట తర్వాత మళ్లీ కాచింది. మధ్యాహ్నానికి మూడో కుండ పొయ్యి మీదకి ఎక్కింది.

"ఇంటికెవులొస్తన్నారే, ఇంత అంబలి?" అని వేళాకోళం ఆడాను.

"నువ్వు పొద్దున్నుంచి ఏటీ తాగలేదు గదా మావా" అంది, పాపం నిజంగానే జాలిపడుతూ.

మూడోసారి కూడా గిన్నెడు తాగాను. కడుపు నిండి కాదు, భయం పట్టుకుని సాయంత్రం దాకా లేవలేకపోయాను.

ఫిబ్రవరి 26

గాలి అదే. ఆస్పత్రి ఓడ వచ్చింది.

ఈ ఏడు వచ్చిన డాక్టరమ్మ చిన్న వయసుది, మంచి పిల్లే. మార్తమ్మ తలకి ఏవో పలకలు ఆనించి చూసి, మరుపు జబ్బు అని చెప్పింది. ఆ సంగతి నాకు అంబలి కుండలే చెప్పాయి. ఆ తర్వాత మాత్రం కొత్త సంగతి చెప్పింది.

"భయపడకండి పెద్దాయనా. ఆవిడ మెడలో పూస ఏడేళ్ల వయసు నుంచీ ఉంది కదా? అరవై ఏళ్లు ఆవిడ చూసిందీ విన్నదీ అంతా అందులో ఉంది. దాన్నే తిరిగి తలలోకి నింపుతాం. నింపుడు అయ్యాక మీతో పెళ్లినాడు ఏ కూర తిన్నారో కూడా చెబుతారు."

"పూసలో లేనిదో?" అని అడిగింది మార్తమ్మ.

"పూసలో లేనిది ఉండదమ్మా. గోడకి కొత్త సున్నం వెయ్యాలంటే పాతది గీకాలి కదా. అలాగే."

"అయితే నాకొద్దు" అంది మార్తమ్మ. చీర కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది. ఈ తెప్ప మీద ప్రార్థన గదికి వెళ్లేవాళ్లు గుమ్మం పక్కన మేకులకి పూసలు తగిలించి లోపలికి వెళతారు. తాతల కాలంలో పూసల్లోని మాటలు ఒడ్డున ఎవరో కూర్చుని వినేవారట, అందుకు పెట్టుకున్న ఆచారం. వినేవాళ్లు పోయి యాభై ఏళ్లయింది, ఆచారం మాత్రం ఉండిపోయింది. మార్తమ్మ అందరికంటే రెండాకులు ఎక్కువ చదివింది. తెల్లారుజామున ఇంట్లో ప్రార్థనకి కూర్చునే ముందు పూస తీసి పప్పు డబ్బాలో పెట్టి మూత బిగిస్తుంది. అన్నం ముందు కళ్లు మూసుకున్నప్పుడు పూసని గుప్పిట్లో మూస్తుంది. "మొగుడూ పెళ్లాల మాటకి మూడోవోడు సాక్షి ఉంటాడేటి?" అంటుంది. అంటే ఆవిడ దేవుడు ఆ పూసలో ఎక్కడా లేడు. అరవై ఏళ్లలో ఒక్క నిమిషం లేడు.

నేను ఆ గదిలోకి ఎప్పుడూ వెళ్లలేదు. ఆదివారాలు బయట బల్ల మీద కూర్చుని తాళ్లు పేనుకుంటాను. సముద్రం ఒడ్డుని మింగినప్పుడు మా వాళ్లు తెప్ప ఎక్కుతూ దేవుళ్లని కూడా అక్కడే వదిలేసి వచ్చారు. నాకు వాళ్లలో ఒకరి పేరు ఒక్కటే మిగిలింది.

ఓడ ఏప్రిల్ పదో తేదీ దాకా ఐదో తెప్ప దగ్గర ఆగుతుంది. తర్వాత మళ్లీ ఆగస్టులోనే. అప్పటికి నింపినా నిలిచే చోటు మిగలదని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

పడవలో ఇంటికి వస్తూ గొడవపడ్డాను. మార్తమ్మ కోప్పడలేదు.

"సూడు మావా. నాను నిన్ను మరిసిపోతే నువ్వు నా పక్కనే ఉంటావు, కెజియా ఉంటాది, రోజూ సెప్పుకుంటారు. ఆయన్ని మరిసిపోతే నాకెవులు సెప్తారు?"

నాకు ఒళ్లు మండి, ఇంటిదాకా తెరచాప తాడు మీద కోపం చూపించాను.

మార్చి 9

గాలి తూర్పు నుంచి. కరెంటు పుట్టించే ఎండ పలకల మీద ఉప్పు గీకాను. తొమ్మిదో తాడు ఇంకా మార్చలేదు.

కెజియా ఐదో తెప్ప నుంచి వచ్చింది. మాకు ఒక్కతే కూతురు, అక్కడ బడిలో చెబుతుంది. వాళ్లమ్మ దాన్ని కూర్చోబెట్టి, ఎండుచేప పెట్టి, "ఏ ఇంటి గుంటవమ్మా?" అని అడిగింది. అది నవ్వుతూనే జవాబు చెప్పి, బయటకొచ్చి నీళ్ల డ్రమ్ముల వెనక నిలబడి ఏడ్చింది.

తెల్లారి ప్రార్థన పాట మాత్రం మార్తమ్మ ఒక్క చరణం తప్పలేదు. ఆరు చరణాలు. తెర ఇవతల నుంచి నేను లెక్కపెట్టాను.

మార్చి 18

గాలి లేదు.

"ఎవులు బాబూ నువ్వు?" అంది నాతో.

మార్చి 30

గాలి చూడలేదు.

అంబలి నేనే కాస్తున్నాను. స్నానానికి నీళ్లు నేనే తోడుతున్నాను. "మంచోడివి బాబూ, ఏ తల్లి కన్నాదో" అంటుంది. ఆ మాట వినడం కంటే తిట్టినా బాగుండేది. పూస తీసి డబ్బాలో పెట్టడం మాత్రం ఏ రోజూ మరవలేదు. నలభై ఏడేళ్లు కాపురం చేసినవాణ్ణి నేను. నేను మొత్తం చెరిగిపోయాను, ఆయన చెరగలేదు. ఇది చదివేవాడా, నన్ను ఏమైనా అనుకో, నాకు అసూయ కలిగింది. నిజంగా మనిషి మీద మనిషికి కలిగే అసూయే.

ఏప్రిల్ 6

గాలి దక్షిణం నుంచి, పడవ నడపడానికి అనుకూలం.

ఇంటివాళ్లని గుర్తుపట్టని రోగి విషయంలో భర్త వేలిముద్ర చాలునని ఆస్పత్రి నియమం. కెజియాకి చెప్పలేదు. చెబితే "అమ్మ వొద్దన్నాది గదా నాన్నా" అంటుంది, నేను ఆగిపోతాను.

పరాయి మగవాడు రమ్మంటే మార్తమ్మ పడవ ఎక్కుతుందా? ఎక్కదు. అందుకని, "అమ్మా, ఐదో తెప్పలో పార్దన ఉన్నాది, అయ్యగారు నిన్ను తీసుకురమ్మన్నారు" అన్నాను. ఎంత సంబరపడిందో. పెట్టెలోంచి తెల్లచీర తీసి కట్టుకుంది. దారి పొడుగునా నన్ను దీవించింది.

ఓడ మెట్ల దగ్గర ఆగింది. లోపల తెల్లని గోడలు, చెప్పులు విప్పిన మనుషులు కనిపించారు. ప్రార్థన గది అనుకుంది. మెడలోంచి పూస తీసి, మేకు కోసం అటూ ఇటూ చూసి, ఎక్కడా కనపడక నా చేతిలో పెట్టింది. "జాగర్త బాబూ" అంది.

దాన్ని తీసుకెళ్లి డాక్టరమ్మ చేతికి ఇచ్చాను. వేలిముద్ర వేశాను.

ఏప్రిల్ 9

గాలి దక్షిణం నుంచి. అలలు తక్కువ.

"ఏటి మావా, గెడ్డం ఇలగ తెల్లబడిపోనాది?" అంది కళ్లు తెరిచి.

చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అరవై ఏడేళ్ల మనిషి ఇరవై ఏళ్ల పెళ్లికూతురిలా నా గడ్డం పట్టుకుని లాగింది. డాక్టరమ్మ చెప్పిందేమంటే, పాతవి ముందు కుదురుకుంటాయట. పుట్టిల్లు, పెళ్లి, కాన్పు, ఇలా వరసగా వచ్చి, చివరి నెలల సంగతి ఆఖరున వస్తుందట. మొత్తం అమరడానికి నెల పడుతుంది.

అప్పుడు వెలిగింది నాకు. ఆఖరున వచ్చేది ఫిబ్రవరిలో ఆవిడ వద్దన్న రోజు. దాని వెనకే తెల్లచీర రోజు. పూస మెడలోంచి తీసేదాకా నా ప్రతి మాటా అందులో ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

గాలి రాయను.

ప్రార్థన గదివాళ్లు వచ్చి సంతోషంగా మార్తమ్మని తీసుకెళ్లారు. నేను ఎప్పటిలాగే బయట బల్ల మీద కూర్చున్నాను. పావుగంట కాకుండానే బయటికి వచ్చేసింది. మేకు నుంచి పూస తీసి మెడలో వేసుకుని నా పక్కన కూర్చుంది.

"అందరూ కళ్లు మూసుకుని మాటాడతన్నారు మావా. ఎవులితోటో నాకు తెల్దు. నాను ఇక్కడికి వొచ్చేదాన్నేటి?"

"వొచ్చేదానివే. ప్రతి వారం."

"గుమ్మం దాకా గుర్తుంది. సెప్పులిప్పడం గుర్తుంది. మళ్లీ సెప్పులేసుకుని బయటికొచ్చి, నీతోటి కూర గురించి మాటాడడం గుర్తుంది. లోపలేటి సేసినానో లేదు. తెల్లారగట్లా అంతే. డబ్బా మూత బిగించినట్టు గుర్తుంది, మళ్లీ మూత తీసినట్టు గుర్తుంది. ఆ నడుమ ఏటి సేసీదాన్ని?"

"జబ్బు తాలూకు మరుపులే అది. మెల్లగా వొస్తాది."

నలభై ఏడేళ్లలో దానికి ఇంత తేలిగ్గా ఏనాడూ అబద్ధం చెప్పలేదు. నా మాట నమ్మింది.

ఏప్రిల్ 22

గాలి ఈశాన్యం. పదమూడు, పధ్నాలుగు తాళ్లు బిగించాను.

కెజియా పుట్టిన సంవత్సరం వచ్చింది మార్తమ్మకి. పొద్దున్నుంచి నన్ను తిడుతోంది. నొప్పులు పడుతుంటే నేను వల బాగుచేస్తూ కూర్చున్నానట. నిజమే. ముప్ఫై తొమ్మిదేళ్ల కిందటి తిట్లు మళ్లీ వేడివేడిగా తిన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మధ్యాహ్నం కెజియా వచ్చి తల్లిని వాటేసుకుంది. తర్వాత నన్ను పక్కకి తీసుకెళ్లి, "అమ్మ ఒప్పుకున్నాదేటి నాన్నా?" అని అడిగింది. నేను తాడు వైపు చూశాను. అది ఇంక ఏమీ అడగలేదు, నాతో మాట్లాడటమూ మానేసింది.

మే 4

తొమ్మిదో తాడు దగ్గర ఉన్నాను. గాలి ఎటు వీచిందో గుర్తులేదు.

మార్తమ్మ నాచు ఆరబెడుతోంది. ఆరబెడుతున్నది ఆగిపోయి, చేతులు తుడుచుకుని నా దగ్గరికి నడిచి వచ్చింది.

"తెల్లసీర కట్టుకున్నాను గదా మావా, ఆవేళ."

నేను తాడు కింద పెట్టాను.

"పార్దనకని సెప్పినావు."

"సెప్పినాను."

"నాను వొద్దన్నాను గదా డాక్టరమ్మతోటి. నీకు సెప్పినాను గదా పడవలో."

"సెప్పినావు."

"పూస నానే తీసి నీ సేతిలో పెట్టినాను. నువ్వెవులో తెల్దు నాకు. అయినా నమ్మి పెట్టినాను."

అరిచి ఉంటే బాగుండేది. తాడు తీసుకుని కొట్టినా పడి ఉండేవాణ్ణి. అది వెనక్కి వెళ్లి మిగిలిన నాచు మొత్తం ఆరబెట్టింది. ఒక్కొక్క పాయ విడదీసి, ఏ తొందరా లేకుండా.

మే 7

గాలి దక్షిణం నుంచి.

మూడు రోజులు నాతో మాట లేదు. ఇవాళ మధ్యాహ్నం అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఒక్కటి సెప్పు. నాను ఆయన్ని ఒగ్గేసినానేటి?"

"లేదు."

"నువ్వు తీసేసినావు."

"అవును. నానే."

"అయితే నాను ఒగ్గేసినట్టు కాదు."

"కాదు."

"ఆయనకది తెలుస్తాదేటి?"

దేవుడున్నాడో లేడో ఏనాడూ పట్టించుకోని మనిషిని నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తెలుస్తాది" అన్నాను.

చాలాసేపు అన్నం కెలికింది. "ఏదో మాటిచ్చినానంట గదా, సిన్నపుడు. కెజియా అన్నాది. ఆ మాటేటో నాకు గుర్తు లేదు. బాప్తిస్మం నీళ్లలో పూస ఉండదు గదా. ఆ పొద్దు అక్కడున్నోళ్లు ఎవులూ బతికిలేరు."

"నానున్నాను" అన్నాను.

నిజంగానే ఉన్నాను. దానికి పధ్నాలుగేళ్లు, నాకు పదిహేడు. మేం నలుగురం వెధవలం పడవ వేసుకుని, తడిసిన వాళ్లని చూసి నవ్వడానికి వెళ్లాం. నలభై ఏడేళ్ల కాపురంలో ఈ సంగతి సిగ్గుపడి ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ అంతా చెప్పాను. తెప్ప అంచున తాళ్ల నిచ్చెన పట్టుకుని దిగింది. అప్పటి ముసలి అయ్యగారు ఒక తాడు పట్టుకుని మెడదాకా నీళ్లలో ఉన్నారు. ప్రాణం ఉన్నంతకాలం ఆయన్ని వదలకుండా ఉంటావా అని అడిగారు. ముందు దిగిన వాళ్లందరూ గొణిగినట్టు అన్నారు. ఇది మాత్రం "ఉంటాను" అని అరిచింది. ముంచి లేపితే ఉప్పునీళ్లు మింగి దగ్గుతూ, దగ్గుతూనే నవ్వింది. పడవలో మేం నవ్వడం మానేశాం. దీన్నే పెళ్లాడాలని నాకు అక్కడే అనిపించింది.

"అంత గట్టిగా అన్నానా?" అంది మార్తమ్మ. ఆ మూడు రోజుల్లో మొదటిసారి మొహం కాస్త విప్పారింది.

"సముద్రానికి సెవుడొచ్చీలాగ అన్నావు."

"అయితే ఇంకేటి. మాటంటే మాటే" అంది. కంచం తీసుకుని లేచింది.

మే 8

తెల్లవారి లేచేసరికి మార్తమ్మ పక్క మీద లేదు. పప్పు డబ్బా మూత బిగించి ఉంది. తెర అవతల గోడకేసి కూర్చుని ఉంది. పాట లేదు, మాట లేదు. అరగంట అలాగే కూర్చుని లేచింది.

"ఏటైనా తెలిసిందేటి?"

"లేదు."

"మరెందుకు కూకున్నావు?"

"ఉంటానన్నాను గదా. ఉన్నాను."

మార్తమ్మ పొయ్యి వెలిగించడానికి వెళ్లింది. నేను తాళ్ల దగ్గరికి పోయి, ఎవరికీ కనపడకుండా కూర్చుని ఏడ్చాను.

జూన్ 29

వానలు మొదలు. డ్రమ్ములన్నీ నిండాయి. గాలి నైరుతి, గట్టిగా.

ప్రార్థన గదిలో పెద్ద చర్చ జరిగిందట. మార్తమ్మకి జరిగినట్టు ఇంకొకరికి జరగకూడదు, ఇక మీదట పూసలతోనే లోపలికి వద్దామని కొందరు అన్నారట. ఆ గది నడిపే ఎబినేజరు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. ఆయన మెత్తని మనిషి. నా మొహం చూడటానికి ఆయనకి కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది.

"మార్తమ్మా, ఈ విషయంలో నీ మాట కూడా అడగాలని వచ్చాను" అన్నారు.

"మిగతావోళ్ల సంగతి నాకు తెల్దు అయ్యగారూ. నాను తీసే వొస్తాను."

"ఇప్పుడు కొత్తగా నేర్చుకునేది కూడా రేపు పోతే?"

"పోతే మళ్లీ కూకుంటాను."

"కూర్చుంటే నీకు ఏమైనా ఊరట దొరుకుతోందా అమ్మా?"

"లేదు. మీరు పాటలు నేర్పితే నేర్సుకుంటన్నాను. నోటికొస్తన్నాయి. లోపలికి రాలేదు ఇంకా. ముందు ఎలగుండేదో తెలిస్తే, ఏటి పోనాదో తెలుస్తాది. అదీ తెల్దు."

ఆయన తల వంచి ప్రార్థన చేసి వెళ్లిపోయారు. మార్తమ్మ కూడా తల వంచింది. నేను బయటికి వెళ్లకుండా గుంజకి ఆనుకుని నిలబడ్డాను. ఇంతకాలం ఆవిడ చేసిన ప్రార్థనలు నేను తెర ఇవతల నుంచి విన్నానే గానీ మాటలు పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఇవాళ చెప్పగలిగేవాణ్ణి.

ఆగస్టు 19

ఆస్పత్రి ఓడ వచ్చి పోయింది. డాక్టరమ్మ మార్తమ్మని చూసి చాలా బాగా నిలిచిందని మెచ్చుకుంది. మార్తమ్మ మర్యాదగా దండం పెట్టింది. నింపినదాన్ని తీసేసి పాతది తెప్పించడం వీలవుతుందా అని నేను అడిగాను. గీకేసిన సున్నం మళ్లీ గోడకి అంటుకోదు పెద్దాయనా అంది. పాపం ఆ పిల్ల తప్పేం లేదు.

ఇవాళ్టికి నూట నాలుగు పొద్దులు. మార్తమ్మ ఒక్కటీ మానలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా గోడకి చేరబడి కూర్చుంది. నాతో మామూలుగానే ఉంటుంది. అన్నం పెడుతుంది, గడ్డం గీసుకోమని పోరుతుంది. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు, అడిగే మొహం నాకు లేదు.

నవంబరు 20

తుపాను వెళ్లిపోయింది. ఏడు తాళ్లు తెగాయి. తొమ్మిదో తాడు ఎలాగో నిలిచింది.

మూడు రోజులు తడిసిన ఇంట్లో ఉండి మార్తమ్మకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఓడ దూరంలో ఉంది. రేడియోలో డాక్టరమ్మ చెప్పిన మందులు వేస్తున్నాను. కెజియా వచ్చింది. ఏడు నెలల తర్వాత నన్ను "నాన్నా" అని పిలిచింది.

నవంబరు 26

గాలి ఉత్తరం, చల్లగా.

మధ్యాహ్నం ఎండ వచ్చింది. మార్తమ్మని ఎండలోకి తెచ్చి పడుకోబెట్టాం. కెజియా మందు కలపడానికి లోపలికి వెళ్లింది.

"మావా, ఒక్కపాలి కూడా ఏటీ ఇనపడలేదు" అంది.

"తెలుసే."

"ఒక్కరోజూ మాన్లేదు."

"అదీ తెలుసు. నాను సూసినాను."

ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఎల్తే ఆయన్ని నాను గుర్తుపట్టలేను. అదొక్కటే బెంగ. కొత్తవూరెల్లినట్టు నిలబడిపోతానేమో."

నేను దుప్పటి సర్దబోయాను. అదే నా చెయ్యి పట్టుకుంది.

"పోనీలే. నాను నిన్ను మరిసిపోయినపుడు నువ్వు నా పక్కన కూకోలేదేటి? అంబలి పట్టలేదేటి? ఎవులు బాబూ అంటే పలకలేదేటి? ఆయనా అలగే పలుకుతాడు."

నాకు గుండె పగిలింది. అది నన్ను మెచ్చుకుంటోంది. ఎంతకాలం కూర్చున్నాను నేను? పంతొమ్మిది రోజులు. తర్వాత ఓర్చుకోలేక వేలిముద్ర వేశాను. ఆ మాట చెప్పబోయాను. దాని కళ్లు చూశాక అర్థమైంది, పంతొమ్మిది రోజులని దానికీ తెలుసు. తెలిసే అంటోంది.

"తప్పైపోనాది మార్తా" అన్నాను.

"ఔను" అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

నవంబరు 27

మార్తమ్మ పొద్దున లేచి కూర్చుంటానంది. నేనూ కెజియా చెరోపక్కన పట్టుకున్నాం. పూస నేనే తీశాను. గోడకేసి కూర్చుంది. అరగంట కాకముందే మా చేతుల్లో ఒరిగిపోయింది.

నవంబరు 29

గాలి లేదు. సముద్రం చదునుగా ఉంది.

ఇవాళ మార్తమ్మని నీళ్లలోకి దింపాం. దింపే ముందు ఇంటివాళ్లని ఒక ప్రశ్న అడగడం ప్రార్థన గది పద్ధతి. ఎబినేజరు అయ్యగారు నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "ఈమె ఇచ్చిన మాట చివరిదాకా నిలబెట్టుకుందా?" అని అడిగారు. తెప్ప అంతా చూస్తోంది. వాళ్లలో సగం మందికి సందేహం ఉంది, నాకు తెలుసు. ఏడు నెలలుగా ఆయనెవరో తెలియదని నోటితో చెప్పిన మనిషి కదా.

"నిలబెట్టుకున్నాది" అన్నాను. "మాట పోగొట్టింది నాను. అది గుర్తు లేకపోయినా నిలబెట్టుకున్నాది. దాన్ని మోసం సేసి ఓడెక్కించినాను. ఈ సంగతి అందరికీ తెలవాలి."

కెజియా వచ్చి నా పక్కన నిలబడింది.

సాయంత్రం తాళ్లన్నీ చూశాను. ఇంటికి వెళ్లబుద్ధి కాక ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. ఈ కింది మాటలు నా తర్వాత వచ్చేవాడికి కావు. వాడు చదవకపోయినా ఫరవాలేదు.

అయ్యా, నిన్ను ఏమని పిలవాలో నాకు తెలియదు. ఇంతకుముందు నిన్ను ఏదీ అడగలేదు. మా ఆడమనిషి నీ దగ్గరికి బయలుదేరింది. నిన్ను చూసి గుర్తుపట్టదు, కోప్పడకు. తప్పు దానిది కాదు, నాది. శిక్ష ఉంటే నాకు వెయ్యి. దాని పేరు మార్తమ్మ. పొట్టి మనిషి, ఎడమకాలు కాస్త ఈడుస్తుంది, ఆకుపచ్చ చీరలో పంపాం. కొత్తచోట బెరుకు ఎక్కువ దానికి, గుమ్మంలోనే నిలబడిపోతుంది. నువ్వే ముందు పలకరించు.